తిరిగొచ్చిన మనిషి లెక్క

పింఛను పంచే రోజు పొద్దు పొడవకముందే పోస్టాఫీసు అరుగు నిండిపోతుంది. గద్వాల వైపు పల్లె కావచ్చు, వనపర్తి పక్క ఊరు కావచ్చు, నాగర్‌కర్నూల్ దాటాక నల్లమల అంచున ఉన్న ఊరు కావచ్చు. ఎక్కడైనా అదే దృశ్యం. ప్రతి చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో ఆధార్ కార్డు, పాస్‌బుక్కు, మందుల చీటీ. లోపల బల్ల మీద వేలిముద్రల మిషను. అరవై దాటిన ఒకామె బొటనవేలు పెట్టింది. మిషను ఒప్పుకోలేదు. కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టింది. అయినా ఒప్పుకోలేదు. "ఇంకో వేలు పెట్టవ్వా" అన్నాడు బల్ల అవతలి మనిషి. తట్టలు మోసి, చేనులో కలుపు తీసి, పల్లికాయ పీకి గీతలు అరిగిపోయిన వేళ్లవి. ఎడమ చేతి ఉంగరం వేలు దగ్గర పచ్చ దీపం వెలిగింది. 2,016 రూపాయలు లెక్కపెట్టి ఇచ్చారు.

ఆమె పెనిమిటి బయట వేపచెట్టు కింద నిలబడి ఉన్నాడు, ఆమె చెప్పులకు కాపలాగా. వయసులో ఆమె కన్నా పెద్ద. కానీ ఆయనకు వేలు పెట్టే పని లేదు. తెలంగాణలో ఆసరా నిబంధనల ప్రకారం ఒక ఇంట్లో ఇద్దరు ముసలివాళ్లున్నా వృద్ధాప్య పింఛను ఒకరికే, అదీ వీలైనంత వరకు ఇంటి ఆడమనిషికే. ఆడమనిషికివ్వడం మంచి పద్ధతే, ఆ డబ్బు ఇంటికే చేరుతుంది. ఆ పెద్దాయన మాత్రం ఇరవై ఏండ్లు దుబాయిలో పనిచేసి వచ్చినవాడు. ఆ ఇరవై ఏండ్లకు నెలనెలా వచ్చేది ఏమీ లేదు.

ఇలాంటివాళ్లు ఈ మూడు జిల్లాల్లో ఊరూరా కనిపిస్తారు.

ఈ జిల్లాలున్న పాలమూరులో వలసకు ఒక మాట ఉంది, "బతకపోయిండు" అంటారు. మనిషి ఎక్కడున్నాడని అడిగితే ఊరి పేరు తర్వాత వస్తుంది, ముందు ఈ మాటే వస్తుంది. ఉన్న ఊళ్లో బతుకు లేదు కాబట్టి బతకడానికి పోయాడని దాని అర్థం. కృష్ణ, తుంగభద్ర రెండూ ఆనుకుని పారే నడిగడ్డలో కూడా చేనుకు నీళ్లు లేక జనం బొంబాయి, పూనా బస్సులెక్కారు. నాగార్జునసాగర్ మొదలు దేశంలో ఎన్నో ఆనకట్టల దగ్గర, కాలువ గట్ల మీద పాలమూరు లేబరు మన్ను తవ్వింది. గుంపు మేస్త్రీ పండుగ ముందు ఊరికొచ్చి అడ్వాన్సు ఇచ్చేవాడు. ఆ అడ్వాన్సు తీరేదాకా చాకిరీ. అంతకన్నా ముందే, పంతొమ్మిదో శతాబ్దంలోనే, తెలంగాణ నుంచి బొంబాయికి పోయి కట్టడాల పనిలో కుదిరిన మన కామాఠీల పేరు మీద కామాఠిపుర వెలిసింది. ఆనకట్టల పనికి పోయినవాళ్ల తర్వాతి తరంలో కొందరు ఇంకో అడుగు వేసి విమానమెక్కారు. మస్కట్, దుబాయి, సౌదీ, కువైట్. కరీంనగర్, నిజామాబాద్ అంత పెద్ద సంఖ్యలో కాకపోయినా పాలమూరు నుంచీ పోయారు. ఇంకా తర్వాత, చదువుకున్న పిల్లలు అమెరికా, లండన్ దారి పట్టారు.

పోయినవాళ్ల గురించి మనకు పాటలున్నాయి, కథలున్నాయి, ఎన్నికల ఉపన్యాసాలున్నాయి. తిరిగొచ్చిన ముసలివాళ్ల గురించి మాట్లాడేది తక్కువ.

బయటి దేశాల్లో రిటైరైన వాళ్ల చర్చ వేరు. ఇంగ్లండులోనో అమెరికాలోనో ఉద్యోగం చేసి దిగిపోయినవాళ్లు, వచ్చే పింఛను ఎక్కడైతే ఎక్కువ కాలం సరిపోతుందో చూసుకుని పోర్చుగల్‌కో థాయిలాండ్‌కో మారతారు. ఇంటి అద్దె ఎంత, డాక్టరు ఫీజు ఎంత, మారకం రేటు ఎట్లా ఉంది అని లెక్కలు వేసుకుంటారు. వాళ్ల దిగులు కూడా నిజమైన దిగులే. పాలమూరు మనిషి లెక్క దానికి తలకిందులుగా నడిచింది. ఖరీదైన దేశంలో సంపాదించి, చవకైన ఊళ్లో ముసలితనం గడపాలన్నది ఆయన ఆలోచన. అక్కడి దిర్హాం ఇక్కడ ఇరవై రూపాయల పైమాటే కదా, నాలుగు రాళ్లు వెనకేస్తే చాలనుకున్నాడు. ఆ ఆలోచనకు ఊతంగా ఉండాల్సిన పింఛను మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

గల్ఫ్ లెక్క ఒకసారి విప్పి చూడాలి. అక్కడి ప్రభుత్వాలు నడిపే వృద్ధాప్య పింఛను వాళ్ల పౌరులకే. బయటినుంచి పోయిన కూలీకి దక్కేది ఉద్యోగం చివర ఒక్కసారి చేతిలో పెట్టే గ్రాట్యుటీ. యూఏఈ చట్టం ప్రకారం మొదటి ఐదేండ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులు. మొత్తం కలిపి రెండేండ్ల జీతం దాటకూడదు. నెలకు వెయ్యి దిర్హాంల బేసిక్‌తో ఇరవై ఏండ్లు ఒకే కంపెనీలో పనిచేసిన మనిషికి మొదటి ఐదేండ్ల మీద 105 రోజులు, తర్వాతి పదిహేనేండ్ల మీద 450 రోజులు, మొత్తం 555 రోజుల జీతం వస్తుంది. అంటే సుమారు 18,500 దిర్హాంలు. రూపాయల్లో నాలుగు లక్షల ముప్పై వేలు, కొంచెం అటూ ఇటూ. చూడ్డానికి పెద్ద మొత్తమే. దాన్ని తెచ్చి బ్యాంకులో ఏడు శాతం వడ్డీకి వేస్తే నెలకు రెండున్నర వేలు వస్తుంది.

రెండున్నర వేలు! ఊరు దాటని అవ్వకు ప్రభుత్వం ఇచ్చే పింఛనుకూ, ఇరవై ఎండాకాలాలు యాభై డిగ్రీల వేడిలో సెంట్రింగ్ పని చేసిన మనిషి సంపాదించుకున్న వడ్డీకీ తేడా ఐదు వందలు. అది కూడా ఆ డబ్బు బ్యాంకుదాకా చేరితేనే. చాలామంది ఒకే కంపెనీలో ఉండరు. మారిన ప్రతిసారీ లెక్క మొదటికొస్తుంది. వచ్చిన మొత్తం బిడ్డ పెండ్లికో, పాత అప్పుకో, స్లాబు ఇంటికో పోతుంది. ఊళ్లో ఆ స్లాబు ఇల్లు చూసి "దుబాయి సేటు ఇల్లు" అని చెప్పుకుంటారు. ఆ ఇంట్లోకి నెలనెలా వచ్చే పైసలు ఎన్నో ఎవరూ అడగరు.

ఇది ముందే తెలిసి ఒకప్పుడు ఢిల్లీలో ఒక ప్రయత్నం జరిగింది. 2012లో అప్పటి ప్రవాస భారతీయ వ్యవహారాల శాఖ మహాత్మాగాంధీ ప్రవాసీ సురక్షా యోజన తెచ్చింది. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద, అంటే పెద్దగా చదువు లేక వలస అనుమతి ముద్ర వేయించుకుని పోయే కూలీలు, ఏటా కొంత పొదుపు చేస్తే ప్రభుత్వం తన వంతు కలిపేది. ఆడవాళ్లకు ఇంకొంచెం ఎక్కువ. ముసలితనానికి పింఛను, తిరిగొచ్చినప్పుడు నిలదొక్కుకోవడానికి కొంత సొమ్ము, పైగా జీవిత బీమా. ఎవరో కూలీ బతుకు దగ్గర నుంచి చూసి రాసినట్టుండే పథకం. చేరినవాళ్లు చాలా తక్కువ. 2016లో ఆ శాఖే విదేశాంగ శాఖలో కలిసిపోయింది, 2017లో పథకం ఆగిపోయింది. చేరలేదని మూసేయడం కన్నా, ఎందుకు చేరలేదో గద్వాల బస్టాండులో నాలుగు రోజులు కూర్చుని అడిగి ఉంటే బాగుండేది. నెలనెలా ఇంటికి పైసలు పంపే మనిషికి అరవయ్యో ఏడు చాలా దూరంగా కనిపిస్తుంది. దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పేవాళ్లు కావాలి, మన మాటలో చెప్పేవాళ్లు కావాలి.

ఇప్పుడు ఉన్నవి చూద్దాం. పోయే ముందు తప్పనిసరిగా చేయించే ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాదంలో మనిషి పోతే ఇంటివాళ్లకు పది లక్షలు వస్తాయి. గల్ఫ్‌లో చనిపోయిన తెలంగాణ కార్మికుల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఐదు లక్షల సాయం ప్రకటించింది. అదే ఏడాది హైదరాబాదు ప్రజాభవన్‌లో, వలస కుటుంబాల మొర వినే ప్రవాసీ ప్రజావాణి మొదలైంది. ప్రజావాణి బాధ్యత చేపట్టిన చిన్నారెడ్డి వనపర్తి నుంచి పలుమార్లు ఎమ్మెల్యేగా గెలిచినవారు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సొంతూరు కొండారెడ్డిపల్లి నాగర్‌కర్నూల్ జిల్లాలోనే ఉంది. అంటే ఈ మట్టి బాధ తెలిసినవాళ్లే కుర్చీల్లో ఉన్నారు. ఆ సాయాలన్నీ అవసరమైనవే. శవపేటిక ఎదురుచూసిన ఇల్లు ఎట్లా ఉంటుందో చూసినవాళ్లెవరూ వాటిని తక్కువ చేసి మాట్లాడరు. కానీ గమనించండి, ఆ పది లక్షలూ, ఐదు లక్షలూ ప్రాణం పోయినవాళ్ల ఇండ్లకే. ప్రాణంతో తిరిగొచ్చి, నడుము నొప్పితో మంచం మీద కూర్చున్న మనిషికి ఏ కాగితంలోనూ వరుస లేదు.

కేరళలో ఉంది. అక్కడ 2008లోనే ప్రవాసుల సంక్షేమ చట్టం చేశారు. విదేశంలో ఉన్న మలయాళీ నెలకు 350 రూపాయలు కట్టి కనీసం ఐదేండ్లు కొనసాగితే, అరవై ఏండ్లు నిండాక నెలకు 3,500 పింఛను. 2022 నుంచి ఈ రేటు. తిరిగొచ్చినవాళ్లు కూడా చేరవచ్చు. వాళ్లు కట్టేది తక్కువ, వచ్చేది కొంచెం తక్కువ. అది దానంగా ఇచ్చేది కాదు, వలస పోయిన మనిషి పేరు మీద, ఆయన కట్టిన సొమ్ముతో మొదలై, ప్రభుత్వం పూచీ నిలిచిన హక్కు. తెలుగు నేలకు ఇది అందని ద్రాక్ష అనుకోవడానికి కారణమేమీ లేదు.

బొంబాయి, పూనా పోయినవాళ్ల సంగతి ఇంకా చిక్కు. వాళ్లు దేశం దాటలేదు కాబట్టి ఎవరూ ప్రవాసులనరు. భవన నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది. కట్టే ప్రతి పెద్ద బిల్డింగు ఖర్చులో ఒక శాతం సెస్సు వసూలు చేసి, కార్మికుల సంక్షేమ బోర్డులో వేస్తారు. పింఛను మాట కూడా ఆ చట్టంతోనే వచ్చింది. కానీ ఏ రాష్ట్రపు బోర్డు ఆ రాష్ట్రానిదే. పేరు నమోదు కావాలంటే ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు రుజువు కావాలి. పింఛను లెక్కలోకి రావాలంటే అరవై నిండే ముందు మూడేండ్లు వరుసగా సభ్యుడై ఉండాలి. బొంబాయిలో ముప్పై ఏండ్లు ఇటుక మోసి, మోకాళ్లు అరిగి యాభై ఏడో ఏట ఊరికొచ్చిన మనిషి అక్కడా లేడు, ఇక్కడా లేడు. ఆయన కట్టిన మేడల మీద వసూలైన సెస్సు మహారాష్ట్ర ఖాతాలో ఉంటుంది. ఆయన మాత్రం మక్తల్ దాటి, కృష్ణ దాటి, ఇంటికొచ్చి కూర్చున్నాడు. మేస్త్రీ కింద చేసిన పనికి మస్టరు కాగితం ఎవరిస్తారు? పీఎఫ్ అయినా ఉన్నవాళ్లకు పదేండ్ల సర్వీసు ఉంటే కనీస పింఛను వెయ్యి రూపాయలు, అది 2014లో నిర్ణయించిన మొత్తం. పీఎఫ్ లేనివాళ్లకు అదీ లేదు.

అందుకే చివరికి అందరి కాళ్లూ ఈ పోస్టాఫీసు అరుగు దగ్గరికే వస్తాయి.

ఆసరాను తక్కువ చేయడానికి లేదు. 2014 నవంబరులో మొదలైనప్పుడు, అంతకుముందున్న 200 రూపాయల పింఛను ఒక్కసారిగా వెయ్యి అయింది. 2019లో 2,016 అయింది. 2022లో వయసు 65 నుంచి 57కు తగ్గించారు. మన్ను పనిచేసిన ఒంటికి యాభై ఏడంటే ముసలితనమే, ఆ మాట ఒప్పుకున్న నిర్ణయమది. కోడలి దగ్గర చేయి చాచనక్కర్లేదని ఎందరో అవ్వలు కండ్లు తుడుచుకున్నారు. కానీ 2019 తర్వాత ఆ అంకె కదల్లేదు. 2023 ఎన్నికల్లో నాలుగు వేల మాట వచ్చింది. 2025 నడిమిదాకా ఖాతాలో పడింది మాత్రం 2,016. ఈ ఆరేండ్లలో దేశంలో ధరలు మూడో వంతుకు పైగా పెరిగాయి. అంటే అవ్వ చేతిలోని 2,016తో ఇప్పుడు వచ్చే సరుకు, 2019లో పదిహేను వందలకు వచ్చినంత. తుంగభద్ర అవతల కర్నూలులో అరవై నిండిన మనిషికి 2024 జులై నుంచి నాలుగు వేలు వస్తోంది. వంతెనకు అటు ఒక ధర, ఇటు ఒక ధర లేదు. పింఛను మాత్రం రెండు రకాలు.

ఊళ్లో బతకడం చవకే అనే మాటలో ఇప్పటికీ కొంత నిజం ఉంది. రేషన్ కార్డు ఉంటే మనిషికి ఆరు కిలోల బియ్యం, 2025 ఉగాది నుంచి అవీ సన్నబియ్యమే. రెండు వందల యూనిట్లు దాటకపోతే కరెంటు బిల్లు సున్నా. ఆడవాళ్లకు పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్సులో ఛార్జీ లేదు. మరి డబ్బు ఎక్కడికి పోతుంది? నూనె, పప్పు, ఫోన్ రీచార్జి, ఆటో. అన్నిటికన్నా మందులు. బీపీ గోలీ, షుగర్ గోలీ నెలనెలా కొనాల్సినవి. ప్రభుత్వ దవాఖానలో ఉన్న నెల ఉంటాయి, లేని నెల మెడికల్ షాపే దిక్కు. వనపర్తికి, నాగర్‌కర్నూల్‌కు 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి, తర్వాత గద్వాలకూ వచ్చింది. ఇది మామూలు మార్పు కాదు. గుండె నొప్పి వస్తే హైదరాబాదుకో కర్నూలుకో పరుగెత్తిన కాలం చూసినవాళ్లకు దాని విలువ తెలుసు. అయినా దవాఖానకు పోయిరావడం, తోడుగా వచ్చిన కొడుకు కూలీ పోవడం ఏ ఆరోగ్యశ్రీ లెక్కలోనూ చేరని ఖర్చులు. పైగా బియ్యం, కరెంటు లాంటి సౌకర్యాలు నిలబడి ఉండేది రేషన్ కార్డు మీదే. కార్డులో పేరు ఉండాలంటే మనిషి వేలిముద్ర వేయాలి. ఇరవై ఏండ్లు దేశంలో లేని మనిషి పేరు కార్డులో ఎట్లా నిలుస్తుంది?

అమెరికా, లండన్ పోయిన పిల్లలకు ఈ గొడవ లేదనుకుంటాం. వాళ్లకూ ఉంది, రూపం వేరు. అమెరికాలో ఉద్యోగి జీతం నుంచి 6.2 శాతం సోషల్ సెక్యూరిటీకి పోతుంది, కంపెనీ అంతే కడుతుంది. పింఛనుకు అర్హత రావాలంటే 40 క్రెడిట్లు, అంటే దాదాపు పదేండ్ల పని. వీసా అయిపోయి ఎనిమిదేండ్లకు వనపర్తికి తిరిగొచ్చిన ఇంజనీరు కట్టిన సొమ్ము అక్కడే ఉండిపోతుంది. జర్మనీ, ఫ్రాన్స్ వంటి దేశాలతో, రెండు చోట్లా పనిచేసిన ఏండ్లను కలిపి లెక్కించే ఒప్పందాలు మనకున్నాయి, ఏండ్ల తరబడి అడుగుతున్నా అమెరికాతో కుదరలేదు. పదేండ్లు నిండినవాళ్లకు పింఛను ఇండియాకు వస్తుంది కానీ, అరవై అయిదు దాటాక అక్కడ ఆదుకునే మెడికేర్ ఇక్కడి ఆస్పత్రి బిల్లు కట్టదు. ఒంటికి బాగాలేని రోజునే ఆ లోటు తెలుస్తుంది.

బ్రిటన్ సంగతి విడిగా చెప్పాలి. అక్కడ ప్రభుత్వ పింఛను ఏటా పెరుగుతుంది. కానీ ఆ పింఛనుదారు ఇండియాలో స్థిరపడితే, ఇక్కడ తీసుకోవడం మొదలైన రోజున ఎంతుందో జీవితాంతం అంతే. 2016లో కొత్త పింఛను వారానికి 155.65 పౌండ్లు. అప్పుడు తిరిగొచ్చి తీసుకుంటున్న మనిషికి ఇప్పటికీ అదే. లండన్‌లోనే ఉండిపోయిన ఆయన స్నేహితుడికి 2025లో 230.25 పౌండ్లు. ఇద్దరూ ఒకే ఆస్పత్రిలో, ఒకే షిఫ్టులో పనిచేసి, ఒకే మొత్తం కట్టి ఉండవచ్చు. అమెరికాలోనో యూరప్‌లోనో స్థిరపడినవాళ్లకు పెరిగే పింఛను, ఇండియాకూ ఆస్ట్రేలియాకూ కెనడాకూ వచ్చినవాళ్లకు పెరగదు. సొంతూరికి తిరిగి రావడం తప్పయినట్టు వేసిన జరిమానా అది. 2025 జులైలో భారత్, బ్రిటన్ వాణిజ్య ఒప్పందం మీద సంతకాలైనప్పుడు, కొద్దికాలానికి పోయే ఉద్యోగులు మూడేండ్లదాకా రెండు చోట్లా కట్టకుండా ఉండే వెసులుబాటు కుదిరింది. ముసలివాళ్ల ఆగిపోయిన పింఛను అందులో లేదు.

ఇక్కడ దుబాయి సెంట్రింగ్ మేస్త్రీ, లండన్ నర్సమ్మ, బొంబాయి తట్ట కూలీ ఒక్క చోటికొస్తారు. ముగ్గురి చెమటా ఒక చోట పడింది, ముగ్గురి ముసలితనమూ ఇంకో చోట పడింది. ఆ రెండు చోట్లనూ కలిపే దారి ప్రభుత్వాలు వేయలేదు. డబ్బు సరిహద్దులు దాటి వస్తుంటే అందరూ సంతోషించారు, రెమిటెన్సుల లెక్కలు ఏటా పత్రికల్లో వచ్చాయి. ఆ డబ్బు పంపిన చేయి ముడతలు పడి వెనక్కి వచ్చినప్పుడు, ఆ చేయి ఎక్కడ పనిచేసిందో చెప్పే కాగితం ఉండాలి కదా.

తెలంగాణకు ఇప్పుడు అందుకు వీలుంది. ప్రవాసీ ప్రజావాణి దగ్గర ఒక బల్ల వేసి, తిరిగొచ్చిన ప్రతి మనిషి పేరు, పనిచేసిన దేశం, ఏండ్లు రాసుకోవడంతో మొదలుపెట్టవచ్చు. కేరళ చట్టం కళ్లముందుంది. నలభై లోపు కుర్రవాళ్లకు 2015లో వచ్చిన అటల్ పెన్షన్ యోజన కూడా ఉంది. పద్దెనిమిదేండ్లప్పుడు చేరితే నెలకు 210 రూపాయలు, ముప్పై ఏండ్లప్పుడైతే 577. అరవై తర్వాత నెలకు ఐదు వేలు. ముప్పై ఏండ్ల తర్వాత ఆ ఐదు వేలతో ఏమొస్తుందన్నది ఆలోచించాల్సిన మాటే. అయినా పూనా బస్సెక్కే పిల్లగానికి, మేస్త్రీ అడ్వాన్సు జేబులో పెట్టుకునేటప్పుడే ఈ సంగతి చెప్పేవాళ్లు ఒకరుండాలి. కాలువల్లో నీళ్లొచ్చి, జూరాల కింద, కల్వకుర్తి ఎత్తిపోతల కింద వరి పచ్చబడి, కొన్ని ఊళ్లలో వలస తగ్గిన మాట నిజం. తగ్గింది గానీ ఆగలేదు. గద్వాల బస్టాండులో రాత్రి బస్సు దగ్గర మూటలు ఇంకా కనిపిస్తాయి.

పోస్టాఫీసు లోపలి నుంచి ఆమె బయటికొచ్చింది. చెప్పులు ముందుకు జరిపాడు ఆయన. "వచ్చినయా?" అనడిగాడు. "వచ్చినయ్" అంది. రెండు వేలు మడిచి బొడ్డు సంచిలో పెట్టుకుంది. ఈసారి చిల్లర కూడా దొరికింది. ఆ పదహారు రూపాయలు ఆయన చేతిలో పెట్టి, "ఛాయ్ తాగి రా, పొద్దుగాల నుంచి ఏం తాగకపోతివి" అంది. ఆయన రోడ్డు దాటి హోటల్ దగ్గరికి పోయాడు. ఇరవై ఏండ్లు ఆమె అక్కడ లేని లోటుతో తాగిన ఛాయ్‌లు ఆయనకు గుర్తొచ్చాయో లేదో. వెనక్కి తిరిగి చెయ్యూపి ఆమెను కూడా రమ్మని పిలిచాడు. ఒకటే ఛాయ్ చెప్పి, బై టూ అన్నాడు.